నడక పరిశీలన – 4వ పాఠం: అడుగు పొడవు, ఆడ మగ తేడా, మోకాలు

ఇంట్లోవారి అడుగు పొడవు కొలవమన్న గత పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక, ఈ వారం చెప్పదలచిన మోకాలి కదలికలను కొంత వెనక్కి జరపక తప్పడం లేదు. కొందరు ఎడమ మడమ నుంచి మళ్లీ ఎడమ మడమ దాకా కొలిచి అడుగు పొడవు 130 సెంటీమీటర్లని రాశారు. అది రెండడుగుల దూరం కనుక సగం చేసుకోండి, చాలు. నాకు విసుగు తెప్పించిన పొరపాటు వేరు. భార్యాభర్తల కొలతలు పక్కపక్కన పెట్టి, ఆమె అడుగు పొట్టిది, నిమిషానికి వేసే అడుగులు ఎక్కువ, కాబట్టి ఆమె నడకలో లోపముందని పలువురు తేల్చేశారు.

అడుగు పొడవును కాలి పొడవుతో భాగించనిదే ఇద్దరిని పోల్చకూడదు. తొడ పక్కన చేతికి తగిలే ఎముక బొడిపె నుంచి నేల దాకా ఉన్నదే కాలి పొడవు. ఒక జంటను తీసుకోండి: ఆయన కాలు 90, అడుగు 72 సెంటీమీటర్లు. ఆమె కాలు 80, అడుగు 64. రెండింటా భాగఫలం 0.8, అంటే ఇద్దరి నడకా ఒకే తీరు. నిమిషానికి 72 మీటర్ల వేగంతో కలిసి నడిస్తే ఆయన 100 అడుగులు, ఆమె 112కు పైగా వేస్తారు. పక్కవాడితో సమంగా నడవడానికి ఆమె చెల్లించే లెక్క అది, జబ్బు కాదు. అన్నట్టు, చీర కుచ్చిళ్లతో నడిచి కొలిచినవారు ఆ కాగితం చించేయండి: కుచ్చిళ్లు అడుగునూ కుదిస్తాయి, మోకాలినీ దాచేస్తాయి.

ఇదే పొరపాటు పెద్ద వేషంలోనూ వస్తుంది. కటి ఎముక నుంచి మోకాలిచిప్ప మీదుగా ముంగాలి ఎముకకు గీసే గీత చిప్ప దగ్గర వంగే కోణం స్త్రీలలో ఎక్కువని, వెడల్పాటి కటి వల్లే వారి మోకాళ్లు అరుగుతాయని చాలామంది చెబుతారు. ఒకే ఎత్తున్న స్త్రీ పురుషులను తీసుకుంటే ఆ కోణంలో తేడా చాలావరకు కరిగిపోతుంది. ఎత్తును లెక్కలోకి తీసుకున్నాకా మిగిలేది కదలికలో ఉంది: కాలు బరువు మోసే క్షణంలో స్త్రీల తొడ సగటున కొంచెం ఎక్కువగా లోపలికి ఒరుగుతుంది, కటి పక్కలకు ఎక్కువ ఊగుతుంది.

నడకలో నేల ఇచ్చే ఎదురుతోపు మోకాలి నడిమికి లోపలివైపుగా పోతుంది కనుక లోపలి సగమే ఎక్కువ బరువు మోస్తుంది. మనవాళ్లు "గుజ్జు అరిగింది" అనేది తరచుగా మొదలయ్యేదీ అక్కడే. 50 ఏళ్లు దాటాక ఈ అరుగుదల స్త్రీలలో ఎక్కువ. అందులో తొడ కండరాల బలహీనత, శరీర బరువు, పాత దెబ్బలు కూడా పాలుపంచుకుంటాయి కనుక, నడకను చూసి మోకాలి జాతకం చెప్పకండి.

అభ్యాసానికి హైదరాబాదు కేబీఆర్ పార్కు దారి ఎత్తుపల్లాల వల్ల పనికిరాదు; నేనైతే షాబాదు బండలు పరచిన వసారానే ఎంచుకుంటాను. పాదాలు తడిపి, బండల అతుకు వెంట పది అడుగులు నడవండి. ఎండాకాలంలో రెండో మడమ కొలిచేలోపే మొదటి ముద్ర ఆరిపోతుంది, కనుక ప్రతి మడమ వెనక అంచున సుద్దముక్కతో గీత గీయడానికి ఒక మనిషిని పెట్టుకోండి. నెమ్మదిగా, మామూలుగా, వేగంగా, ఒక్కో తీరున పదిసార్లు. ఆపైన ఫోనును మోకాలి ఎత్తులో వెనకవైపు నిలిపి వీడియో తీసి, ఏ అడుగులో తొడ లోపలికి ఒరిగిందో గుర్తించండి. ఇంట్లో ఆడ, మగ ఇద్దరివీ కావాలి, భాగఫలంతో సహా.