పొలంలో దొరికిన నాడా వయసును అంచనా కట్టే విధానం

మహారాష్ట్రలోని సిరోంచా, రాజురా వైపు దుక్కి దున్నేటప్పుడు తుప్పు పట్టిన నాడా (గిట్టకు కొట్టే ఇనుప లాడం) బయటపడితే, అది ఎద్దుదో గుర్రానిదో ముందుగా తేల్చుకోవాలి. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కనుక చీలికకొకటి చొప్పున చిన్న రేకులు కొడతారు. గుర్రపు నాడా గిట్ట అంచు వెంబడి తిరిగే ఒకే వంపుగా ఉంటుంది.

తుప్పును గోకరాదు. మేకుల రంధ్రాలు, వాటిలో మిగిలిన మేకుల తలలు అసలైన సాక్ష్యం. గడ్డకట్టిన తుప్పులో అవి దాగి ఉన్నా ఎక్స్‌రేలో కనిపిస్తాయి. ఇంగ్లండులో 11, 12 శతాబ్దాల నాడాల అంచు రంధ్రాల వద్ద అలలా ఉబ్బి ఉంటుంది. ఆ ఆనవాలును మన ప్రాంతపు కమ్మరి పనికి నేరుగా అన్వయించరాదు.

అందరినీ ఎక్కువగా తప్పుదారి పట్టించేది లోతు; లోతున ఉంటే పాతదే అనుకుంటారు. నల్లరేగడి నేల ఎండాకాలంలో నెర్రెలిస్తుంది, నిన్న మొన్నటి మేకు సైతం వాటి గుండా పాత కుండపెంకుల పొరలోకి జారిపోతుంది. ఐరోపాలో రోమన్ల కాలపు పొరలలో మేకుల నాడాలు దొరికాయన్న వాదనలు కూడా చాలావరకు ఇలాంటి చిక్కువల్లనే నిలవలేదు; బురద బాటలలో ఊడిపడిన నాడా కిందికి దిగబడుతుంది, ఎలుకల బొరియలు, నాగళ్లు పొరలను కలిపేస్తాయి. కాబట్టి నాడా ఎంత లోతున ఉందన్నదానికంటే, దానిపై చెదరని గచ్చు గానీ కూలిన గోడ గానీ మూతలా ఉందా అన్నది పరిశీలించాలి.

రోమన్లు వాడినట్టు నిస్సందేహంగా తెలిసినది మేకులు లేకుండా గిట్టకు కట్టే ఇనుప తొడుగు మాత్రమే. సుమారు 481లో మరణించిన ఫ్రాంకుల రాజు షిల్డెరిక్ సమాధి 1653లో బెల్జియంలోని టూర్నేలో బయటపడినప్పుడు అందులోని తుప్పు ముక్కను నాడాగా భావించారు; దానిని పరీక్షించే వీలు నేడు లేదు గనుక దానిని రుజువుగా తీసుకోవడం సబబు కాదని నా అభిప్రాయం. సుమారు 900 నాటి బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి ఆరవ లియో యుద్ధతంత్ర గ్రంథంలో నెలవంక ఆకారపు ఇనుప నాడాలు, వాటి మేకులు స్పష్టంగా పేర్కొనబడ్డాయి. అంతకు ముందు కాలానిదని చెప్పే ప్రతి నాడాకూ గట్టి ఆధారం అడగడం న్యాయం.

నాగపూర్ దగ్గరి మాహుర్‌ఝరీ మహాశిలా సమాధులలో (పెద్ద రాళ్లు పేర్చిన ప్రాచీన సమాధులు) గుర్రాల ఎముకలు, ఇనుప కళ్లెపు ముక్కలు, రాగి తలతొడుగులు దొరికాయి. గుర్రం, ఇనుము ఒకేచోట ఉన్నంత మాత్రాన నాడా కొట్టేవారని అనుకోరాదు.

కదిలించక ముందే పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీసి, లోతు, గట్టు నుంచి దూరం, పైనున్న మట్టి రంగు రాసుకోవాలి. తీశాక నీటితో కడగకుండా, నూనె రాయకుండా, పొడి కాగితంలో చుట్టి, ఆ వివరాలతో సహా పురావస్తు శాఖ వారికి చూపాలి.