స్థానిక ఎన్నికల్లో ఓటు అడిగే ముందు: ప్రభుత్వ జీతం ఉన్న ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

గత వారం గుంటూరు అరండల్‌పేటలోని నా కార్యాలయానికి గ్రామ సచివాలయ ఉద్యోగి ఒకరు షోకాజ్ నోటీసు పట్టుకుని వచ్చారు. ఆయన వదినగారు సర్పంచ్ పదవికి నిలబడాలనుకుంటున్నారు. నోటిఫికేషన్ రాకముందే ఆమె ఇంటింటికీ తిరుగుతుంటే ఈయన వెనకాల నడిచారు. తాను ఒక్కరినీ ఓటు అడగలేదని ఆయన అన్న మాట నిజమే కావచ్చు. అయితే నోటీసుకు జతచేసిన ఫోటోలో ఆయన చేతిలో కరపత్రాల కట్ట ఉంది, మెడలో సచివాలయం గుర్తింపు కార్డు వేలాడుతోంది.

డబ్బు, మద్యం పంచకూడదని ఇక్కడ రాయడం దండగ, తెలియనివారు లేరు. నేను చూసినంతలో ఉద్యోగాలకు ఎసరు తెచ్చింది ఒకే ఒక్క పొరపాటు. అది, ప్రభుత్వ జీతం తీసుకునే మనిషి తన బంధువైన అభ్యర్థి పక్కన నిలబడటం.

ఉద్యోగులు

ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1964 ప్రకారం ఉద్యోగి చట్టసభల ఎన్నికల్లోనే కాక స్థానిక సంస్థల ఎన్నికల్లో కూడా ప్రచారం చేయకూడదు, తన పలుకుబడి వాడకూడదు. ఓటు వేయవచ్చు గానీ ఎవరికి వేశారో, ఎవరికి వేయబోతున్నారో బయటపెట్టకూడదు. మన రాష్ట్రంలో సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి కాబట్టి, అది రాజకీయం కాదనీ, ఇంటి వ్యవహారమనీ చాలామంది ధీమాగా ఉంటారు. నియమంలో ఉన్న మాట పార్టీ ఒక్కటే కాదు, ఎన్నిక కూడా. అందుకే పార్టీ లేదన్న వాదన విచారణాధికారి ముందు నిలబడదు.

విజయవాడలో రైల్వే కుటుంబాలు మరింత జాగ్రత్తగా ఉండాలి. 1966 నాటి రైల్వే ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లోని 5వ నియమం ప్రకారం ఎన్నికల గుర్తును ఒంటిమీద గానీ, వాహనంమీద గానీ, నివాసంమీద గానీ ప్రదర్శించినా పలుకుబడి వాడినట్టే లెక్క. పిల్లవాడు సరదాగా స్కూటర్‌కు అంటించిన స్టిక్కర్‌కు సంజాయిషీ ఇచ్చుకోవలసింది తండ్రే.

ఉద్యోగి భార్య గానీ, భర్త గానీ స్వయంగా పోటీ చేయడానికి, ఓటు అడగడానికి ఆ ఉద్యోగం అడ్డు కాదు. ఆ స్వేచ్ఛ వారిది. ఉద్యోగి మాత్రం ఆ పక్కన నిలబడకూడదు.

రాజీనామా ఇచ్చి వచ్చేవారు

2024 సాధారణ ఎన్నికల ముందు, ఎన్నికల సంఘం పింఛన్ల పంపిణీ నుంచి వాలంటీర్లను దూరం పెట్టిన తరువాత, ఎంతోమంది వాలంటీర్లు రాజీనామాలు ఇచ్చి ప్రచారంలోకి వెళ్లారు. రాజీనామా చేయాలనుకునే ఉద్యోగులు లేఖ ఇచ్చిన తేదీని కాక, అది ఆమోదం పొంది అమలులోకి వచ్చిన తేదీని చూసుకోవాలి. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరా గాంధీ రాయ్‌బరేలీ ఎన్నికను రద్దు చేసినప్పుడు చూపిన కారణాల్లో ఒకటి, యశ్‌పాల్ కపూర్ అనే అధికారి ఇంకా ప్రభుత్వ సేవలో ఉండగానే ఆమె ఎన్నిక పనిలో పాల్గొన్నారన్నది. సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరులో, చట్ట సవరణల తరువాత, ఆ ఫలితాన్ని మార్చింది. మన ఊరి అభ్యర్థి కోసం ఎవరూ చట్టాన్ని సవరించరు.

బయటినుంచి వచ్చేవారు

విదేశీ పౌరసత్వం తీసుకున్న బంధువును పర్యాటక వీసాతో వచ్చినప్పుడు ప్రచార జీపు ఎక్కించకూడదు. 2019లో పశ్చిమ బెంగాల్‌లో ప్రచారంలో కనిపించిన బంగ్లాదేశ్ నటుడు ఫిర్దౌస్ అహ్మద్ వీసాను కేంద్ర హోం శాఖ రద్దు చేసి, దేశం విడిచి వెళ్లమంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులకు ఈ చిక్కు లేదు.

అభిమానంతో సొంత డబ్బుతో ఫ్లెక్సీ కట్టించేవారు అభ్యర్థి రాతపూర్వక అనుమతి ముందే తీసుకోవాలి. అది లేకుండా ప్రచారానికి ఖర్చు పెడితే భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ కింద పదివేల రూపాయల వరకు జరిమానా పడుతుంది. ఖర్చు పెట్టాక పది రోజుల్లో అనుమతి తెచ్చుకునే వెసులుబాటు ఉంది గానీ, అది పది రూపాయలు దాటని ఖర్చుకే. పది రూపాయలకు ఇప్పుడు టీ దొరకడమే కష్టం.

మిగిలినవి వరుసగా చెబుతాను. గుర్తింపు కార్డు మెడలో వేసుకుని అభ్యర్థి ఇంటి గడప తొక్కకండి. సెలవు పెట్టాను కదా అనుకోకండి, సెలవులో ఉన్నా ఉద్యోగి ఉద్యోగే. కుటుంబ వాట్సాప్ గ్రూపులో కూడా ఓటు అడగకండి, ఫిర్యాదు చేసేది ఆ గ్రూపులోని బావమరిదే. గుడిలో, మసీదులో, చర్చిలో ఓటు అడగకండి. పోలింగ్ కేంద్రానికి వంద మీటర్ల లోపల ఎవరినీ పలకరించి గుర్తు చూపకండి. పోలింగ్ ఏజెంటుగా ఉద్యోగి పేరు ఇవ్వకండి. కరపత్రం మీద ముద్రించినవారి పేరు, చిరునామా ఉన్నాయో లేదో చూడకుండా చేతిలోకి తీసుకోకండి. ఉద్యోగులైతే చూసి కూడా తీసుకోకండి.

ఎదుటి పక్షంలో ఉద్యోగి తిరుగుతున్నట్టు కనిపిస్తే గొడవకు దిగకండి. తేదీ, సమయం, చోటు రాసి, ఫోటో జతచేసి రిటర్నింగ్ అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. రాజ్యాంగంలోని 243-ఓ, 243-జెడ్‌జి అధికరణల వల్ల పంచాయతీ, మున్సిపల్ ఎన్నికను ఎన్నికల పిటిషన్ ద్వారానే సవాలు చేయాలి. అప్పుడు మీ చేతిలో మిగిలే ఆధారం ఆ రసీదే.

అభ్యర్థి పక్కన నిలబడకండి. అన్నయ్య అయినా, వదిన అయినా, హారతి పళ్లెం పట్టుకోవడానికి పిలిచినా సరే, ఫోటో తీసేలోగా పక్కకు తప్పుకోండి.