వాడిన బీఎమ్‌డబ్ల్యూ 320డీనా, మెర్సిడెస్ సీ220డీనా? పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి

రెండు కార్లనూ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద నడపండి. పొద్దున్నే వెళ్లి, ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేశారన్నమాట, చల్లని ఇంజిన్ చప్పుడు మీకు వినపడదు. ఇంకో రోజు రండి.

బీఎమ్‌డబ్ల్యూ 320డీలో 184 హార్స్‌పవర్ ఎన్47 ఇంజిన్‌కి టైమింగ్ చెయిన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు) వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఆ వైపు గరగరమనే చప్పుడు ఉందేమో వినండి. ఉంటే బేరం వద్దు. చెయిన్ మార్చాలంటే గేర్‌బాక్సో ఇంజినో దించాలి, ఖర్చంతా అక్కడే. ఆ తర్వాత వచ్చిన 190 హార్స్‌పవర్ బీ47 ఇంజిన్ మేలు.

మెర్సిడెస్ సీ220డీలో పాత 2143 సీసీ ఇంజిన్ మోటు. 2018 ఫేస్‌లిఫ్ట్‌లో (అదే మోడల్‌కి మార్పులు చేసి తెచ్చిన రూపంలో) వచ్చిన 1950 సీసీ, 194 హార్స్‌పవర్ ఇంజిన్‌కి చప్పుడు ఎంతో తక్కువ. బడ్జెట్ సరిపోతే దాన్నే చూడండి.

నలుగురు కూర్చుని ఒకే స్పీడ్‌బ్రేకర్ దాటించండి. 320డీకి రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) ఉంటే కుదుపు ఎక్కువ, టైరు ధరా ఎక్కువే. టైరు మీద తయారీ తేదీ చెప్పే నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం.

స్టీరింగ్ మీ చేతిలో ఉంటే 320డీ, వెనక సీట్లో కూర్చునేవారైతే సీ220డీ.