పూల్ మెట్లు తేలుతున్నాయా, ఊగుతున్నాయా, పాకుడు పడుతున్నాయా?

డాలస్ దగ్గర మా పెరట్లో 24 అడుగుల గుండ్రటి పూల్ పెట్టించాం. తవ్వకాలేమీ లేకుండా నేల మీదే నిలబెట్టే అబవ్‌గ్రౌండ్ రకం. గోడ ఎత్తు 52 అంగుళాలు. పూల్ గురించి నెలరోజులు చదివాను కానీ మెట్ల గురించి పది నిమిషాలు కూడా ఆలోచించలేదు. డబ్బాలో వచ్చిన నిచ్చెనే బిగించేశాను. ఆ వేసవిలో ఊరి నుంచి వచ్చిన అమ్మ సరదాపడి ఎక్కింది. పైదాకా వెళ్లాక వెనక్కి తిరిగి అటువైపు దిగాలి కదా, అక్కడ బిగుసుకుపోయింది. "ఒరేయ్, ముందు నన్ను కిందికి దించరా" అంది. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ పూల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుందే తప్ప నీళ్లలోకి దిగలేదు.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న లెక్క ఒకటే. ఇంట్లో అందరికంటే పెద్దావిడ సులువుగా దిగగలగాలి, అందరికంటే చిన్నవాడు ఒంటరిగా ఎక్కలేకపోవాలి. కింది సమస్యలన్నీ నాకో, మా వాళ్లకో ఎదురైనవే.

పెద్దవాళ్లు ఎక్కలేకపోతున్నారు, ఎక్కితే దిగలేకపోతున్నారు

తప్పు వాళ్ల మోకాళ్లది కాదు, నిచ్చెనది. గోడకి అటూ ఇటూ కాళ్లు వేసుకుని నిలబడే ఏ-ఫ్రేమ్ నిచ్చెనకి మెట్లు సన్నగా ఉంటాయి, దాదాపు నిట్టనిలువుగా ఎక్కాలి. అన్నిటికంటే కష్టం పైన ఒళ్లు తిప్పుకోవడం. నాలుగడుగుల ఎత్తున, తడి కాళ్లతో, పట్టుకోవడానికి సరైన ఆధారం లేకుండా తిరగాలి.

లోపలి వైపుకి వెడల్పాటి మెట్లు కొనండి. ఇక్కడ వాటిని వెడ్డింగ్ కేక్ మెట్లు అంటారు, అంతస్తుల కేకులా కిందికి వచ్చేకొద్దీ వెడల్పవుతాయి కాబట్టి. పాదం మొత్తం ఆనుతుంది, రెండు పక్కలా రైలింగ్ ఉంటుంది, గుడి మెట్లు దిగినట్టు ముందుకే చూస్తూ దిగొచ్చు. బయటి వైపుకి చెక్క డెక్ (పూల్ పక్కన కట్టే చెక్క వేదిక) ఉంటే మంచిది. లేకపోతే పైన నిలబడేంత చిన్న అరుగు ఉన్న బయటి మెట్ల సెట్ తీసుకోండి.

కొనేముందు టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్లండి. గోడ ఎత్తు సాధారణంగా 48, 52, 54 అంగుళాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది. పూల్ కాగితాల్లో రాసిన అంకె నమ్మొద్దు, మెట్లు పెట్టబోయే చోటే నేల నుంచి పై అంచుదాకా కొలవండి. డెక్ ఉంటే పూల్ అడుగు నుంచి డెక్ పైదాకా కూడా కొలవాలి, లోపలి మెట్ల రైలింగ్ బిగించేది దానికే. మధ్యలో లోతుగా తవ్విన పూల్ అయితే మెట్ల పీట మొత్తం చదునైన భాగంలోనే కూర్చుంటుందో లేదో చూసుకోండి. బరువు పరిమితి కూడా చూడాలి. చాలావాటికి 300 పౌండ్లో 400 పౌండ్లో ఉంటుంది. ఇద్దరు పిల్లలు, వాళ్ల వెనకాలే నాన్న ఒకేసారి ఎక్కితే 300 దాటిపోవడం పెద్ద విషయం కాదు.

మెట్లు నీళ్లలో తేలుతున్నాయి, కాలు పెడితే వెనక్కి లేస్తున్నాయి

ఈ మెట్లలో ఎక్కువ భాగం పాలిథిలిన్‌తో చేసినవి. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.95 గ్రాముల దగ్గర ఉంటుంది, అంటే నీటికంటే కాస్త తేలిక. బరువు వేయకపోతే తేలడం దాని నైజం. దానికితోడు ప్రతి మెట్టు కిందా గాలి చిక్కుకుంటుంది. మెట్టు అంచున కాలు పెట్టగానే వెనకభాగం లేస్తుంది.

ముందు గాలి సంగతి. మెట్లని తిన్నగా దించకండి. ఇద్దరు పట్టుకుని ఒక పక్కకి వంచి, బుడగలు రావడం ఆగేదాకా నెమ్మదిగా ముంచండి. తర్వాత అటు పక్కకి వంచండి. ఇంక చాల్లే అనుకున్నాక మళ్లీ ఒకసారి వంచితే నాకు ఇంకో గుప్పెడు బుడగలు వచ్చాయి.

తర్వాత బరువు. కంపెనీ చెప్పినంత ఇసుక చెప్పిన చోటే వేయండి. కొన్నిటికి ఇసుక పోసే అరలుంటాయి, కొన్నిటిలో సంచులు పెట్టాలి. "50 పౌండ్ల సంచి వేశాను, అయినా తేలుతోంది" అని మా ఫ్రెండ్ ఫోన్ చేశాడు. ఇసుక గింజ నీటికంటే సుమారు 2.65 రెట్లు బరువు. కాబట్టి నీళ్లలో మునిగిన 50 పౌండ్ల ఇసుక పనిచేసేది 31 పౌండ్లంతే. రెండో సంచి వేసుకుంటే వాడి సమస్య తీరింది. పిల్లలు ఆడుకునే కడిగిన ఇసుక వాడండి, సంచిని రెండో సంచిలో పెట్టి గట్టిగా కట్టండి. పగిలితే ఇసుకంతా పూల్ అడుక్కి చేరి ఫిల్టర్‌లోకి వెళ్తుంది.

ఇనుము మాత్రం వద్దు. మొదట్లో నేను తెలివిగా గరాజ్‌లో పడున్న జిమ్ ప్లేట్లు రెండు ప్లాస్టిక్‌లో చుట్టి పెట్టాను. నెల తర్వాత మెట్లు తీసి చూస్తే లైనర్ మీద, అంటే పూల్ లోపల పరిచిన వినైల్ షీటు మీద, కాఫీ కప్పు పెట్టినట్టు గుండ్రటి తుప్పు మరక. విటమిన్ సి మాత్ర పట్టుకుని రుద్దితే పలచబడింది కానీ వెతికితే ఇప్పటికీ కనిపిస్తుంది. ఇటుకలు కూడా అంతే, అంచులు రాలి లైనర్‌ని గీస్తాయి.

మెట్లు ఊగుతున్నాయి, ఒక పక్కకి ఒరుగుతున్నాయి

లోపల ఊగుతుంటే కారణం ఎక్కువగా బోల్టులే. వేసవి ఎండకి ప్లాస్టిక్ పెరుగుతుంది, రాత్రికి తగ్గుతుంది, బోల్టులు వదులవుతాయి. నెలకోసారి చేత్తో బిగించండి. డ్రిల్లుతో అతిగా బిగిస్తే ప్లాస్టిక్ చిట్లుతుంది.

బయటి వైపు ఒరుగుతుంటే మాత్రం మట్టిని చూడాలి. డాలస్ చుట్టుపక్కల ఉన్నది మన నల్లరేగడి జాతి నేలే. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. మా పాత నిచ్చెన బయటి కాళ్లు ఏప్రిల్లో తిన్నగా ఉండేవి, ఆగస్టుకల్లా ఎడమ కాలు అంగుళంన్నర దిగిపోయింది. అలా దిగితే నిచ్చెన బరువు పూల్ పై అంచు మీద పడుతుంది. ఆ అంచు బరువు మోయడానికి చేసింది కాదు, వంగిపోతుంది. అందుకే అక్కడ గడ్డి తీసి, మట్టి దిమ్మిస కొట్టి, పైన కంకర పొడి పరిచి, కాళ్లు రెండూ ఆనేలా పెద్ద పేవర్ పలకలు వేశాను. మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి రెండు వైపులా చూసుకున్నాను. కాలు కింద చెక్కముక్క దోపడం వారం రోజుల ముచ్చటే.

ఊగుతోందని పూల్ అంచుకి రంధ్రాలు వేసి స్క్రూలు కొట్టకండి.

నీటిమట్టం తగ్గుతోంది, మెట్ల దగ్గరే అనుమానం

వేసవిలో ఆవిరైపోవడం మామూలే కాబట్టి ముందు అది తేల్చుకోవాలి. దీనికి మెట్లే పనికొస్తాయి. బకెట్‌లో పూల్ నీళ్లు నింపి రెండో మెట్టు మీద పెట్టండి. బకెట్ లోపల నీటి గీత, బకెట్ బయట పూల్ నీటి గీత రెండూ మార్కర్‌తో గుర్తు పెట్టండి. పంప్ ఆపేసి 24 గంటలు వదిలేయండి. రెండూ సమానంగా తగ్గితే ఎండ పని. పూల్ గీత ఎక్కువ తగ్గితే లీకు.

లీకైతే ముందు చూడాల్సింది మెట్ల పీట కిందే. ప్లాస్టిక్ పోతపోసినప్పుడు అచ్చు అతుకు దగ్గర చిన్న పళ్లలాంటి మిగులు ఉంటుంది. కంటికి కనబడదు. మెట్లు బోర్లించి అడుగంచు మీద వేలు మెల్లగా జరపండి, చురుక్కుమంటుంది. మనిషి ఎక్కి దిగినప్పుడల్లా అది లైనర్ మీద రంపంలా ఆడుతుంది. ఆ అంచుని గరుకు కాగితంతో నున్నగా చేయండి. కింద తప్పనిసరిగా మ్యాట్ వేయండి, పీటకంటే అన్ని వైపులా రెండు అంగుళాలు ఎక్కువుండాలి. లైనర్ ముడతలు సరిచేశాకే మ్యాట్ పరవాలి, మ్యాట్ కింద గులకరాయి లేదని తడిమి చూసుకోవాలి.

చిల్లు ఎక్కడో తెలియకపోతే పంప్ ఆపి, నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు అనుమానం ఉన్న చోట ఫుడ్ కలర్ రెండు చుక్కలు వదలండి. చిల్లు ఉంటే రంగు దారంలా అటు లాక్కుపోతుంది. నీళ్లలోనే అతికే వినైల్ ప్యాచ్ కిట్లు దొరుకుతాయి. ముక్కని మూలలు లేకుండా గుండ్రంగా కత్తిరించండి, మూలలుంటే అక్కడి నుంచే లేస్తుంది.

మెట్ల వెనక పచ్చగా పాకుడు

పూల్ అంతా అద్దంలా ఉంటుంది, మెట్లు కదిపితే మాత్రం పచ్చటి మబ్బు లేస్తుంది. మెట్ల లోపల నీరు తిరగదు, క్లోరిన్ చేరదు. కోనేటి మూల మెట్లలాంటి పరిస్థితే.

క్లోరిన్ ముందు కొలవండి. స్టెబిలైజర్ (ఎండకి క్లోరిన్ త్వరగా పోకుండా ఆపేది) ఉన్న క్లోరిన్ మాత్రలు వాడేవాళ్లకి కనీసం 2 పీపీఎం (పది లక్షల వంతుల్లో రెండు వంతులు) ఉండాలి, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య. మెట్లు బయటికి తీసి బ్రష్ కొట్టి, సూర్యుడు దిగాక షాక్ (ఒకేసారి పెద్ద మోతాదు క్లోరిన్) వేయండి. పగలు వేస్తే ఎండే సగం తినేస్తుంది. తర్వాత నీళ్లు వెనక్కి వచ్చే జెట్ మూతిని మెట్ల వైపు తిప్పండి. నా దగ్గర పాకుడు తగ్గింది ఎక్కువగా ఈ చివరి పనితోనే. కొందరు క్లోరిన్ మాత్రని మెట్టు మీదే పెడతారు. మాత్ర ఉన్నచోట లైనర్ తెల్లబోతుంది, పెళుసవుతుంది. ఆ పని చేయకండి.

మెట్లు జారుతుంటే మాత్రం ప్రతిసారీ పాకుడే కానక్కర్లేదు. మా ఇంట్లో ఆదివారం నూనె అంటుకుని తిన్నగా పూల్‌లోకి దూకేవాళ్లు. కొబ్బరినూనె, సన్‌స్క్రీన్ కలిసి నీటి గీత దగ్గరి మెట్టు మీద పొరలా పట్టేది. మెత్తటి స్పాంజికి వంటసోడా అద్ది తుడిస్తే పోయింది. తలంటు ఇప్పుడు పూల్ తర్వాత.

రైలింగ్ పట్టుకుంటే చేయి జివ్వుమంటోంది

ఆ జివ్వుమనడం చిన్నదైనా సరే, అందరూ రైలింగ్‌ని, పంప్‌ని ముట్టుకోకుండా వెంటనే బయటికి రావాలి. తర్వాత ఇంటి ప్యానెల్‌లో పూల్ బ్రేకర్ ఆపి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. లోహపు భాగాలన్నిటినీ ఒకే రాగి తీగతో కలిపే బాండింగ్ తెగి ఉండొచ్చు, పంప్‌లో లోపం ఉండొచ్చు. ఇది మనం తేల్చుకునే పని కాదు.

మూడేళ్లవాడు తనంతట తానే ఎక్కేస్తున్నాడు

అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలకి మొదటి కారణం నీళ్లలో మునిగిపోవడమే. గోడ 48 అంగుళాలు దాటితే అదే కంచె అనుకుంటాం. నిజమే, మెట్లు లేనంతసేపు. బయటి నిచ్చెన దించి ఉంచితే ఆ కంచెకి తలుపు తెరిచి పెట్టినట్టే.

బయటి భాగం పైకి మడిచి తాళం వేసేదో, పూర్తిగా తీసేయగలిగేదో కొనండి. తీసేసేది ఎంచుకుంటే దాన్ని గరాజ్‌లో పెట్టాలి, గోడకి ఆనించి కాదు. మడిచిన తర్వాత కూడా 4 అంగుళాల బంతి దూరేంత సందు ఉండకూడదు. డెక్ ఉన్నవాళ్లకి దానంతటదే మూసుకుని గడియపడే గేటు కావాలి, అది బయటికి తెరుచుకోవాలి.

మా ఇంట్లో తాళం పక్కాగా వేశాను. అయినా మా అక్క కొడుకు ఎక్కాడు. ఎలాగంటే, ఫిల్టర్ డ్రమ్ గోడ పక్కనే ఉంది, దాని మీద ఎక్కి అంచు పట్టుకున్నాడు. అక్క చూసి చంకలో వేసుకొచ్చింది కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే పైపులు పొడవైనవి తెచ్చి పంప్‌నీ ఫిల్టర్‌నీ గోడకి దూరంగా జరిపాను, కుర్చీలన్నీ అవతలికి మార్చాను. మీ పూల్ చుట్టూ ఒకసారి మూడేళ్లవాడి ఎత్తులో మోకాళ్ల మీద తిరిగి చూడండి.

లోపలి మెట్ల పక్కలు తెరిచి ఉంటే పిల్లలు వెనకనుంచి దూరి ఇరుక్కుంటారు. పక్కలు మూసిన రకంలో పాకుడు ఎక్కువ పట్టొచ్చు. పట్టనివ్వండి, నేను మూసినదే కొన్నాను. రోబో క్లీనర్ కూడా అందులో ఇరుక్కోదు.

వసంతంలో తీసి చూస్తే మెట్లు పగిలున్నాయి

నీళ్లు గడ్డకట్టి పగలగొట్టాయి. డాలస్‌లో గడ్డకట్టే రోజులు తక్కువే కానీ న్యూజెర్సీలో ఉన్నవాళ్లు తొలి మంచుకి ముందే మెట్లు బయటికి తీసేయాలి. ముందు ఇసుక సంచులు తీయండి, లేకపోతే నడుం పట్టేస్తుంది. అరల్లో నీళ్లు వంపేసి, ఎండ తగలని చోట పెట్టండి. విప్పిన బోల్టులు ఒక సంచిలో వేసి రైలింగ్‌కే కట్టేయండి. నేను వంటింటి డ్రాయర్‌లో దాచాను, ఏప్రిల్లో ఎనిమిదికి ఆరు దొరికాయి.