మ్యాప్ మీదే నోట్స్ - 3వ పాఠం: సూయజ్ కాలువ

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన పని సంగతి చూద్దాం. హోర్ముజ్ జలసంధిని అట్లాస్ చూడకుండా గీసి, రెండు ఒడ్డుల మీద ఉన్న దేశాల పేర్లు రాయమన్నాను. ఉత్తరం ఒడ్డున ఇరాన్ అని ఎవరైనా రాస్తారు. దక్షిణం ఒడ్డు దగ్గరే చెయ్యి ఆగుతుంది. సౌదీ అరేబియా అని రాసి ఉంటే కొట్టేయండి. అక్కడ ఉన్నది ఒమన్. ముసండం అనే ఆ కొస భూభాగానికీ మిగతా ఒమన్‌కూ మధ్య యూఏఈ అడ్డంగా ఉంటుంది. అందుకే తికమక. దాన్ని బొమ్మలో సరిచేసుకున్నాక కొత్త పేజీ తీయండి.

ఈ పాఠానికి ఒక తెల్ల కాగితం, పెన్సిలు, నీలం పెన్ను, ఎర్ర పెన్ను చాలు. పెన్సిలుతో భూగోళం, నీలంతో చరిత్ర, ఎర్రతో కరెంట్ అఫైర్స్ రాస్తాం. మూడూ ఒకే పేజీలో ఉండాలి. మూడు సబ్జెక్టులకు మూడు నోటుబుక్కులు పెట్టడం చూడటానికి బాగుంటుంది కానీ, గ్రూప్స్‌లో అడిగే ప్రశ్నలు ఆ అట్టల లోపల ఆగవు.

పెన్సిలు పని

ఎర్ర సముద్రాన్ని ఒక నత్త అనుకోండి. ఒళ్ళు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడుగ్గా, రెండు వేల కిలోమీటర్లకు పైగా సాగి ఉంటుంది. పై కొసన రెండు కొమ్ములు. ఎడమది సూయజ్ సింధుశాఖ, కుడిది అకాబా సింధుశాఖ. రెండు కొమ్ముల మధ్య తలకిందులుగా ఉన్న త్రికోణం సినాయ్ ద్వీపకల్పం. దానికి పైన మధ్యధరా సముద్రం గీయండి.

ఇప్పుడు ఎడమ కొమ్ము కొస నుంచి నిట్టనిలువుగా పైకి, మధ్యధరా దాకా ఒక గీత. అదే ఈజిప్టులోని సూయజ్ కాలువ. పొడవు 193 కిలోమీటర్లు. కింది కొసన సూయజ్ పట్టణం, పై కొసన పోర్ట్ సయీద్, నడుమ ఇస్మాయిలియా. దక్షిణపు సగంలో గీతను కొంచెం ఉబ్బించి గ్రేట్ బిట్టర్ సరస్సు అని రాయండి. దీనితో తర్వాత పని ఉంది.

ఇంకా రెండు చుక్కలు పెట్టాలి. అకాబా సింధుశాఖ ఎర్ర సముద్రంలో కలిసే చోట తిరాన్ జలసంధి. నత్త తోక దగ్గర, యెమెన్‌కూ ఆఫ్రికా ఒడ్డున ఉన్న జిబౌటి, ఎరిట్రియాలకూ నడుమ బాబ్-ఎల్-మందెబ్ జలసంధి. అది దాటితే ఏడెన్ సింధుశాఖ, ఆపైన అరేబియా సముద్రం.

జలసంధి రెండు నీళ్ళను కలుపుతుంది, రెండు నేలల్ని విడదీస్తుంది. భూసంధి రెండు నేలల్ని కలుపుతుంది, రెండు నీళ్ళను విడదీస్తుంది. సూయజ్ దగ్గర ప్రకృతి ఇచ్చింది భూసంధి. దాన్ని మనిషి తవ్వాడు. ముప్పై వరుసల జలసంధుల టేబుల్ బట్టీ పట్టేవాళ్ళు ‘కలిపేది’, ‘విడదీసేది’ తారుమారు చేసి మార్కులు పోగొట్టుకుంటారు. బొమ్మ గీసినవాళ్ళకు ఆ టెన్షన్ ఉండదు.

నీలం పెన్ను: ఎందుకు ఇక్కడ, ఎందుకు అప్పుడు

గీత పక్కన నీలంతో 1869 అని రాయండి. ఆ ఏడాది నవంబర్ 17న కాలువ తెరిచారు. తవ్వకం మొదలైంది 1859లో. నడిపించినవాడు ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్డినాండ్ డి లెస్సెప్స్. అనుమతి ఇచ్చినవాడు ఈజిప్టు పాలకుడు సయీద్ పాషా. పోర్ట్ సయీద్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది.

అరవై ఏళ్ళ ముందే నెపోలియన్ ఈజిప్టు వచ్చినప్పుడు ఈ ఆలోచన ఉంది. మరి అప్పుడే ఎందుకు తవ్వలేదు? ఆయన వెంట వచ్చిన సర్వేయర్లు ఎర్ర సముద్రం మధ్యధరా కంటే సుమారు 10 మీటర్లు ఎత్తున ఉందని లెక్క తేల్చారు. అది తప్పు లెక్క. 1847లో మళ్ళీ కొలిస్తే రెండు సముద్రాల మట్టాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని తెలిసింది. అందుకే సూయజ్ కాలువకు లాకులు, అంటే నీటిమట్టం పెంచి, తగ్గించి ఓడను దాటించే గేట్లు, లేవు. గోదావరి, కృష్ణా డెల్టా కాలువల మీద లాకులు చూసినవాళ్ళకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది: నీటిమట్టం తేడా ఉన్నచోటే లాకు కావాలి. ‘పనామాకు లాకులున్నాయి, సూయజ్‌కు లేవు’ అనేది పరీక్షల్లో పాత ప్రశ్నే. కారణం తెలిస్తే ఇక మర్చిపోరు.

కాలువ వల్ల భారత్, ఐరోపాల మధ్య సముద్ర దూరం సుమారు 7,000 కిలోమీటర్లు తగ్గింది. అంతకు ముందు ఓడ ఆఫ్రికా మొత్తం చుట్టి, గుడ్ హోప్ అగ్రం మీదుగా రావాలి. భారత్‌ను ఏలుతున్న బ్రిటన్‌కు ఈ గీత ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? మొదట్లో కాలువను వ్యతిరేకించిన బ్రిటనే 1875లో అప్పుల్లో మునిగిన ఈజిప్టు పాలకుడు ఖెడివ్ ఇస్మాయిల్ దగ్గర 40 లక్షల పౌండ్లకు 44 శాతం వాటా కొంది. 1882లో సైన్యాన్ని దింపి ఈజిప్టునే గుప్పిట్లో పెట్టుకుంది. 1888 నాటి కాన్‌స్టాంటినోపుల్ ఒప్పందం యుద్ధంలోనూ శాంతిలోనూ అన్ని దేశాల ఓడలకూ దారి వదలాలంది. కాగితం మీద అలా ఉంది, ఆచరణ వేరు.

ఇక 1956. ఈ ఏడాదిని తొందరగా దాటేయకండి. ఆస్వాన్ ఆనకట్టకు ఇస్తామన్న డబ్బు ఇవ్వబోమని జులైలో అమెరికా, బ్రిటన్ వెనక్కి తగ్గాయి. వారం తిరక్కముందే, జులై 26న, ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ కాలువను జాతీయం చేశాడు. కాలువ రాబడితోనే ఆనకట్ట కడతానన్నాడు. పెన్సిలుతో నైలు నదిని గీసి ఆస్వాన్ దగ్గర చుక్క పెట్టి, అక్కడి నుంచి కాలువకు నీలం బాణం వేయండి. కారణానికి బాణం వేస్తాం, తేదీకి కాదు. ఈ ధారావాహికలో ఒక్క పద్ధతే నేర్చుకుంటానంటే ఇదే నేర్చుకోండి.

అక్టోబర్ 29న ఇజ్రాయెల్ సినాయ్‌లోకి దిగింది. వెనకే బ్రిటన్, ఫ్రాన్స్ బాంబులు వేశాయి. కాలువలో ఓడల్ని ముంచి ఈజిప్టు దాన్ని మూసేసింది. యుద్ధరంగంలో గెలుస్తున్నా బ్రిటన్ ఆగిపోవాల్సి వచ్చింది, ఎందుకంటే అమెరికా బ్రిటన్ కరెన్సీ పౌండు మీద ఒత్తిడి పెట్టింది. జనవరి 1957లో బ్రిటన్ ప్రధాని ఈడెన్ రాజీనామా చేశాడు. ఐక్యరాజ్యసమితి మొదటిసారి శాంతి పరిరక్షణ దళాన్ని పంపింది, అందులో భారత సైనికులూ ఉన్నారు. అదే రోజుల్లో సోవియట్ సేనలు హంగరీలోకి వెళ్ళాయి. ఈ రెండింటి మీదా భారత్ స్పందన ఒకేలా ఎందుకు లేదన్నది ఇంటర్వ్యూల్లో అడగదగిన ప్రశ్న. జవాబు మీరు తయారుచేసుకోండి.

1967కి తిరాన్ చుక్క దగ్గరకు రండి. మే నెలలో నాసర్ ఆ జలసంధిని ఇజ్రాయెల్ ఓడలకు మూశాడు. జూన్ 5న ఆరు రోజుల యుద్ధం మొదలైంది. అది ముగిసేసరికి కాలువ తూర్పు గట్టు మీద ఇజ్రాయెల్, పడమటి గట్టు మీద ఈజిప్టు. నడుమ కాలువ మూతపడింది. మళ్ళీ తెరిచింది 1975 జూన్ 5న. అంటే సరిగ్గా ఎనిమిదేళ్ళు. యుద్ధం మొదలైనప్పుడు దారిలో ఉన్న 15 ఓడలు లోపలే చిక్కుకున్నాయి. వాటిలో 14 గ్రేట్ బిట్టర్ సరస్సులో లంగరు వేశాయి. ఎడారి ఇసుక పట్టి పసుపు రంగుకు తిరిగినందుకు వాటిని ఎల్లో ఫ్లీట్ అన్నారు. నావికులు సొంతంగా తపాలా బిళ్ళలు తయారుచేసుకున్నారు, 1968లో తమలో తాము ఆటల పోటీలు పెట్టుకున్నారు. పరీక్షకు ఇది అక్కర్లేదు. కానీ ఇది గుర్తుంటే 1967-75 అనే అంకెలు వాటంతటవే గుర్తుంటాయి.

పరీక్షకు కావాల్సిన ముక్క వేరే ఉంది. ఆఫ్రికా చుట్టూ తిరగక తప్పనప్పుడు ఒక్క ఓడలో ఎంత ఎక్కువ చమురు వేస్తే ఖర్చు అంత తగ్గుతుంది. బ్రహ్మాండమైన చమురు ట్యాంకర్ల నిర్మాణం ఊపందుకోవడానికి ఈ మూసివేత ఒక పెద్ద కారణం.

ఎర్ర పెన్ను

సూయజ్ పట్టణానికి కాస్త పైన, గీత మీద ఎర్రగా ఒక అడ్డగీత: మార్చి 23, 2021. 400 మీటర్ల పొడవున్న ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు ఇరుక్కుంది. ప్రపంచ వాణిజ్యంలో సుమారు 12 శాతం నడిచే దారి ఆగిపోయింది. 2015లో ఈజిప్టు 35 కిలోమీటర్ల మేర రెండో దారి తవ్వింది కదా, మరి పక్కనుంచి ఎందుకు పోలేదు? ఆ రెండో దారి మధ్య భాగంలో ఉంది, ఓడ ఇరుక్కున్నది దక్షిణాన ఒంటిదారిలో. మాటల్లో చెబితే నాలుగు వాక్యాలు పట్టేది బొమ్మలో ఒక్క గీతతో తేలిపోతుంది.

ఆ ఓడ యజమాని జపాన్ కంపెనీ, నడిపింది తైవాన్ సంస్థ, జెండా పనామాది, సిబ్బంది 25 మందీ భారతీయులు. ప్రపంచీకరణకు ఉదాహరణ అడిగితే పుస్తకంలో నిర్వచనం వెతక్కండి, ఇది రాయండి.

రెండో ఎర్ర గుర్తు బాబ్-ఎల్-మందెబ్ మీద, 2023 నవంబర్. గాజా యుద్ధం నేపథ్యంలో యెమెన్‌లోని హూతీలు అనే సాయుధ తిరుగుబాటుదారులు ఓడల మీద దాడులు మొదలుపెట్టారు. నవంబర్ 19న గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నారు. దాంతో పెద్ద షిప్పింగ్ కంపెనీలు మళ్ళీ గుడ్ హోప్ దారి పట్టాయి. కాలువ తెరిచే ఉంది, ఓడలే తగ్గాయి. 2023లో సుమారు 1,000 కోట్ల డాలర్లు ఉన్న కాలువ రాబడి 2024లో 400 కోట్లకు పడిపోయింది. నష్టం జరిగింది ఈజిప్టుకు, దాడులు జరిగింది అక్కడికి రెండు వేల కిలోమీటర్ల దూరంలో. ఒక జలమార్గాన్ని చదివేటప్పుడు రెండు కొసలూ చూడాలనేది ఇందుకే.

మన వైపు చూస్తే, భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగి అమెరికా తూర్పు తీరానికి వెళ్ళే రొయ్యల కంటైనర్లకు ఇదే దగ్గరి దారి. చుట్టు తిరిగితే ప్రయాణం పది పదిహేను రోజులు పెరుగుతుంది, రవాణా ఖర్చూ పెరుగుతుంది. జవాబులో ఇలాంటి వాక్యం ఒక్కటి చాలు, రెండోది రాస్తే అతి.

ఇప్పుడు మీ పని

కాగితం తిరగేసి, ఖాళీ వైపు మొత్తం బొమ్మ మళ్ళీ గీయండి, ఈసారి మూడు రంగులూ కలిపి పదిహేను నిమిషాల్లో. తేదీలు మర్చిపోతే ఖాళీ వదలండి, బాణాలు మాత్రం వదలొద్దు. ఆ బొమ్మ ఎదురుగా పెట్టుకుని ఈ ప్రశ్నకు 150 పదాల్లో జవాబు రాయండి: ‘1956లో, 1967లో, 2023లో సూయజ్ మార్గానికి అంతరాయం కలిగిన తీరు ఒకటేనా?’ ఒకసారి ఓడల్ని ముంచి మూశారు, ఒకసారి రెండు సైన్యాల నడుమ పడి మూతపడింది, ఒకసారి మూయకుండానే ఖాళీ అయింది. జవాబు ఇక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

వచ్చే పాఠం పనామా. దానికి ముందు అట్లాస్‌లో ఒక్కటి చూసి పెట్టుకోండి: పసిఫిక్ వైపు కొస అట్లాంటిక్ వైపు కొసకు తూర్పున ఉందా, పడమరన ఉందా?