అక్కకి అంచులు, తమ్ముడికి ఆటో: ఇద్దరి చేతా ఒకే పజిల్ చేయించడం ఎలా

మా పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నోడికి అయిదు. నుమాయిష్‌లో కొన్న వంద ముక్కల చార్మినార్ పజిల్ ఇంటికొచ్చిన పావుగంటలోనే కొట్లాటైంది. అదేమో ముందు నాలుగు మూలలూ వెతికి చుట్టూ అంచు కట్టాలంటుంది, వీడికి కింద మూలనున్న పసుపు ఆటో దొరికితే చాలు, మిగతా చార్మినార్ ఏమైపోయినా పట్టదు. "అక్కలాగా చెయ్యరా" అన్నాను. అదే నా తప్పు, వాడు లేచి వెళ్లిపోయాడు.

నిజానికి ఇద్దరిదీ మంచి పద్ధతే. పదికి పది వరసలుంటే అంచు ముక్కలు 36, ఒక పక్క తిన్నగా ఉంటాయి కాబట్టి ఇట్టే ఏరెయ్యొచ్చు. కానీ లోపలికొచ్చాక అసలు తలనొప్పి మొదలవుతుంది, నాలుగు మినార్లూ ఒకేలా ఉంటాయి కదా, చేతిలో ఉన్న ముక్క ఏ మినార్‌దో అక్క కూడా చెప్పలేదు. అక్కడ చిన్నోడి పద్ధతే దిక్కు: గడియారం, గాజుల బండి, ఆటో లాంటి విడిగా తెలిసిపోయేవి ముందు కట్టేసుకోవాలి.

అందుకని చోటు వేరు చెయ్యండి. ముందు ముక్కలన్నీ బొమ్మ పైకి వచ్చేలా తిప్పి, అంచులు పెద్దవాళ్లకి, రంగు ముక్కలు చిన్నవాళ్లకి పంచండి. అక్క నేల మీద అంచు కడుతుంది. తమ్ముడికి పరీక్షలకి వాడే అట్ట ఒకటి ఇవ్వండి, వాడి ఆటో దాని మీదే తయారవుతుంది, తర్వాత అట్టని అంచు పక్కన ఆనించి మెల్లగా లోపలికి జరిపిస్తే విడిపోకుండా వెళ్లి కూర్చుంటుంది. మా వాడు ఆ జరిపేటప్పుడు ఊపిరి కూడా తీసుకోడు.

చిన్నపిల్లలు కుదరని ముక్కని పిడికిలితో గుద్దుతారు. వద్దని అరవకండి, "గీత ఈ ముక్కలోంచి ఆ ముక్కలోకి వెళ్తోందా చూడు" అనండి. ఆకాశం ఆఖరికి, అక్కకి వదిలెయ్యండి. అంతా నీలమే కాబట్టి రంగుతో పని జరగదు, బొడిపెలు ఎన్ని, గుంటలు ఎన్ని అని చూసి కుప్పలు పెట్టుకోవాలి.

ఇంకోటి, చివరి ముక్క నేనే పెట్టాలని ఇద్దరూ తలా ఒకటి దాచేస్తారు. మా ఇంట్లో ఒకటి దీవాన్ కింద, ఒకటి నిక్కరు జేబులో దొరికాయి. చివరి రెండూ చెరొకటి అని ఆట మొదలవ్వకముందే చెప్పెయ్యండి, టెన్షన్ ఉండదు.

నిజంగానే ముక్క పోతే, ఖాళీ మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో అంచు దిద్ది, మిఠాయి డబ్బా అట్టకి అంటించి కత్తిరించండి. మా చార్మినార్ ఆకాశంలో ఒక ముక్క స్కెచ్ పెన్ నీలం. చిన్నోడు దాని మీద కాకిని కూడా వేశాడు.