హొనొలులు సదస్సుకు బయల్దేరే ముందు

అమెరికాలో బిడ్డను సైన్యంలోకి పంపిన ఇళ్లలో కిటికీకి నీలి నక్షత్రం ఉన్న చిన్న జెండా కడతారు. ఆ బిడ్డ తిరిగి రాకపోతే నీలం మీద బంగారు నక్షత్రం కుడతారు. మా కిటికీకి నీలిదే ఉంది, దేవుడి దయ. మావాడు నేవీలో చేరాక నేనూ సైనిక కుటుంబాల సంఘంలో చేరాను. జాతీయ సదస్సు హవాయి దీవుల్లో, హొనొలులు నగరంలో అనగానే అందరికీ హుషారొస్తుంది. మీటింగులు రెండు రోజులు, సముద్రం నాలుగు రోజులు అని లెక్కేసుకుంటారు. నేనూ అలాగే వెళ్లొచ్చాను. ఈసారి మొదటిసారి వెళ్తున్న మన తెలుగు అమ్మలు ఫోన్ చేసి ఏం తెచ్చుకోవాలి అని అడుగుతున్నారు. తెచ్చుకోవడం కంటే మానుకోవాల్సినవే ఎక్కువ.

అన్నిటికంటే ముందు స్నార్కెలింగ్. కళ్లకు అద్దాలు, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలుతూ చేపల్ని చూడడం. నడుము లోతు నీళ్లే కదా, ఏమవుతుంది అనిపిస్తుంది. కానీ హవాయిలో నీళ్లలో ప్రాణాలు పోయే టూరిస్టుల్లో చాలామంది స్నార్కెలింగ్ చేస్తున్నవాళ్లే. అక్కడ దీని మీద ప్రత్యేకంగా అధ్యయనం జరిగింది. అందులో తేలింది ఏమిటంటే, చాలామంది నీళ్లు మింగి మునిగిపోవడం లేదు. గొట్టంలోంచి గాలి లాగడానికి పడే శ్రమకు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది. అది సముద్రపు నీరు కాదు, ఒంట్లో నీరే. ముందు ఆయాసం వస్తుంది, తర్వాత కాళ్లూ చేతుల్లో సత్తువ పోతుంది, ఆ తర్వాత స్పృహ తప్పుతుంది. అరుపూ కేకా ఏమీ ఉండదు.

మా గుంపులో ఒకావిడ భర్త, వియత్నాం కాలం నాటి సైనికుడు, 70 దాటాయి. నీళ్లలోంచి మాకేసి చెయ్యి ఊపాడు. మేమూ నవ్వుతూ ఊపాం. రెండోసారి ఊపినప్పుడు లైఫ్‌గార్డు బోర్డు తీసుకుని పరుగెత్తాడు. ఆయన బతికాడు గానీ సదస్సు రెండు రోజులూ ఆస్పత్రిలోనే గడిచింది. అందుకే చెప్తున్నాను: గుండె జబ్బు, బీపీ, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టరుని అడగందే దిగకండి. విమానం దిగాక 2, 3 రోజులు ఆగండి, ఆ అధ్యయనం చేసినవాళ్లు చెప్పిందీ అదే. ముఖమంతా కప్పే మాస్కులు వద్దు. లైఫ్‌గార్డు ఉన్న బీచ్‌లోనే, కాళ్లు నేలకు ఆనే చోటే ఉండండి, పక్కన ఒక మనిషి ఉండాలి. కాస్త ఎగశ్వాస అనిపించగానే గొట్టం తీసేసి, వెల్లకిలా తిరిగి, సాయం పిలవండి. మొహమాటపడకండి.

నీళ్లలో దిగనివాళ్లకూ ఒక మాట. ఫొటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు. అక్కడివాళ్లు పసిపిల్లలకు నేర్పే మొదటి మాట ఇదే.

బాక్స్ జెల్లీఫిష్ అనే కుట్టే సముద్రజీవి సంగతి మనకు చాలా తేలిక. పౌర్ణమి వెళ్లిన 8 నుంచి 10 రోజులకు అవి హొనొలులులోని వైకీకీ బీచ్ వైపు తీరానికి వస్తాయి. అంటే ఇంట్లో పంచాంగం చూస్తే చాలు, బహుళ అష్టమి నుంచి ఏకాదశి దాకా ఒడ్డునే కూర్చోండి. కుడితే వెనిగర్ పోయాలి. ఇంకేదో పోయాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఎండ విషయంలో నేను మోసపోయాను. హొనొలులు మన నాగపూర్ అక్షాంశంలోనే ఉంది, కానీ ఎప్పుడూ గాలి వీస్తుంది కాబట్టి వేడి తెలియదు. మన రంగుకి ఎండ ఏం చేస్తుందిలే అనుకున్నాను. సాయంత్రానికి జాకెట్టు వెనక మెడ ఎంత వంపు ఉందో అంత మేరా వీపు కాలింది. రాత్రంతా బోర్లానే పడుకున్నాను. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ పగడపు దిబ్బలకు హాని అని 2021 జనవరి 1 నుంచి అక్కడ అమ్మడం లేదు. జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనండి, తెల్లగా పూత కనిపించినా ఫరవాలేదు.

బీపీ, షుగరు మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి. న్యూయార్క్ కంటే హొనొలులు వేసవిలో 6 గంటలు వెనక. ఇన్సులిన్ వేళ ఎలా జరపాలో బయల్దేరే ముందే డాక్టరుతో రాయించుకోండి. సర్వీస్ డాగ్ (సాయం చేయడానికి శిక్షణ ఇచ్చిన కుక్క) ఉన్న సైనికుడు మీ ఇంట్లో ఉంటే నెలల ముందే పని మొదలెట్టాలి. హవాయి రేబిస్ లేని రాష్ట్రం కదా, టీకాలు, చిప్, రక్తపరీక్ష కాగితాలు సరిగా లేకపోతే కుక్కను ఆపేస్తారు. తిరుగు ప్రయాణంలో సామాను తనిఖీ ఉంటుంది: పచ్చి కరివేపాకు, మామిడిపండు హవాయి నుంచి అమెరికా ప్రధాన భూభాగానికి తేనివ్వరు.

నెల మొదటి పనిదినం ఉదయం 11:45కి సైరన్లు మోగితే అది పరీక్ష, కంగారుపడకండి. వేరే వేళ మోగితే ఫోను చూడండి.  సునామీ హెచ్చరిక అయితే, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ అంతస్తులున్న హోటల్లో ఉన్నవాళ్లు 4వ అంతస్తు గానీ ఆ పైకి గానీ ఎక్కాలి. జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం, టికెట్టు మార్చుకునే వీలున్నదే కొనండి.

పెర్ల్ హార్బర్‌లో, 1941 జపాన్ దాడిలో మునిగిన అరిజోనా యుద్ధనౌక స్మారకానికి పడవ టికెట్టు 8 వారాల ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మామూలు హ్యాండ్‌బ్యాగు లోపలికి రానివ్వరు. చీరకు జేబు ఉండదు, ఆ రోజుకి చుడీదార్ వేసుకోండి. ఆ ఓడలో 1,177 మంది చనిపోయారు, దానిలోంచి నూనె ఇప్పటికీ బొట్టుబొట్టుగా పైకి తేలుతూనే ఉంటుంది.

పంచ్‌బౌల్ శ్మశానవాటికకు ఉదయమే వెళ్లండి. తప్పిపోయిన 28 వేలమందికి పైగా సైనికుల పేర్లు పాలరాతి గోడల మీద ఉన్నాయి, నడుమ పొడవాటి మెట్ల వరస, నీడ తక్కువ. మెట్ల పైన నిలబడ్డ స్త్రీమూర్తి కింద, కొడుకుల్ని పోగొట్టుకున్న ఓ తల్లికి లింకన్ రాసిన ఉత్తరంలోని వాక్యం చెక్కారు. బంగారు నక్షత్రం తల్లులు అక్కడ చాలాసేపు ఆగుతారు. నీళ్లసీసా, గొడుగు రెండేసి పట్టుకెళ్లండి. అలాంటి తల్లి ఎవరైనా ఎండలో నిలబడిపోతే ఏమీ అడక్కుండా గొడుగు పట్టండి, కదిలేదాకా పక్కనే ఉండండి.